స్మొక్తునోవ్‌స్కీ 12 డిస్కుల సెట్టు: బొమ్మ బానే ఉంది, పేచీ అంతా గొంతుతోనే

సోవియట్ సినిమా నటుడు స్మొక్తునోవ్‌స్కీ సినిమాల డిస్కుల పెట్టె గురించి ఇది. ముందే చెప్పేస్తా. కొనాలా వద్దా అన్నదొక్కటే కావాలంటే ఇదిగో: చవగ్గా దొరికితే కొనండి, డిస్క్ పెట్టగానే మెనూలోకి వెళ్ళి ఆడియోని మోనోకి (ఒకే ట్రాకులో వచ్చే పాతకాలపు సౌండ్‌కి) మార్చండి, సబ్‌టైటిల్స్‌ని సగమే నమ్మండి. మిగతాదంతా నా సోది, ఓపికుంటే చదవండి.

మాస్కోలో మెడిసిన్ చదువుతున్న రోజుల్లో మా హాస్టల్ గేటు దగ్గర ఒక పెద్దావిడ కూర్చునేది, వచ్చేపోయేవాళ్ళ పాస్‌లు చూడ్డం ఆవిడ పని, వాఖ్త్యోర్షా అంటారు అక్కడ. రాత్రి పదకొండు దాటితే లోపలికి రానివ్వదు, వచ్చినా పావుగంట క్లాసు పీకుతుంది. ఒకరోజు నేను గ్రామర్ పుస్తకం పట్టుకుని తిప్పలు పడుతుంటే చూసి, "సినోక్, ఇలా అయితే నీకు ఈ జన్మలో రష్యన్ రాదు, సినిమాలు చూడు, స్మొక్తునోవ్‌స్కీవి చూడు" అంది. సినోక్ అంటే బాబూ అని. ఎవరా స్మొక్తునోవ్‌స్కీ అని అడిగా. ఆ రోజు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది, అనాటమీ వైవాలో గుండె ఎటుంటుందో చెప్పలేని వాణ్ణి చూసినట్టు చూసింది.

ఆ తర్వాత కొన్ని నెలలకి మాస్కోలోనే ఒక సెకండ్‌హ్యాండ్ డిస్కుల షాపులో ఈ పెట్టె కనబడింది. పన్నెండు డిస్కులు, నల్లటి అట్టపెట్టె, పైన హామ్లెట్ వేషంలో ఆయన బొమ్మ, ధర 2400 రూబుళ్ళు. స్టూడెంట్‌కి అది చిన్న మొత్తం కాదు. షాపువాణ్ణి బతిమాలితే ఓ రెండొందలు తగ్గించాడు. ఎవరు తయారుచేసిన సెట్టో చెప్పను, ఎందుకంటే తిట్లు చాలా ఉన్నాయి.

ప్యాకింగ్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. అట్టపెట్టె మూలలు అప్పటికే నలిగిపోయాయి, డిస్కులు గుచ్చే ప్లాస్టిక్ ట్రేలో రెండు పళ్ళు విరిగాయి. రీజియన్ 5 డిస్కులు, అంటే రష్యా వైపు ప్లేయర్లకి చేసినవి, కాబట్టి వేరే రీజియన్ ప్లేయర్ ఉన్నవాళ్ళు చూసుకోవాలి. లోపలొక బుక్‌లెట్ ఉంది, పదహారు పేజీలు, చూడ్డానికి సోకుగా ఉంది గానీ చదివితే అవార్డుల లిస్టు తప్ప ఏమీ లేదు. 1965లో లెనిన్ ప్రైజ్, 1974లో పీపుల్స్ ఆర్టిస్ట్ ఆఫ్ ది యూఎస్ఎస్ఆర్, 1990లో హీరో ఆఫ్ సోషలిస్ట్ లేబర్, ఇవే. మనిషి ఎక్కడ పుట్టాడు ఏం పడ్డాడు అన్నది మూడు లైన్లలో తేల్చేశారు, అసలు కథంతా అక్కడే ఉందని వాళ్ళకి ఎందుకు తట్టలేదో మరి.

బుక్‌లెట్‌లో లేనిది నేను చెప్తా. ఇన్నొకెంతి స్మొక్తునోవ్‌స్కీ 1925లో సైబీరియాలో, తోమ్‌స్క్ వైపు తత్యానొవ్‌క అనే ఊళ్ళో పుట్టాడు, రైతు కుటుంబం, పెరిగింది క్రస్నొయార్‌స్క్‌లో. అసలు ఇంటిపేరు స్మొక్తునోవిచ్. 1943లో సైన్యంలోకి పట్టుకెళ్ళారు, కుర్‌స్క్ యుద్ధంలో ఉన్నాడు, ద్నీపర్ నది దాటాడు, ఆ ఏడాది చివర కీవ్ దగ్గర జర్మన్లకి చిక్కాడు. నెల్రోజుల తర్వాత తప్పించుకున్నాడు, ఒక ఉక్రెయిన్ ఇంట్లో వాళ్ళు ప్రాణాలకి తెగించి దాచిపెట్టారు, తర్వాత జర్మన్ల వెనక గెరిల్లా యుద్ధం చేసే పార్టిజాన్‌లతో కలిసి మళ్ళీ ఆర్మీలోకొచ్చి జర్మనీ దాకా వెళ్ళాడు. శత్రువుకి చిక్కి బతికొచ్చినవాడంటే స్టాలిన్ కాలంలో ఎలా చూసేవాళ్ళో తెలిసిందే కదా. అందుకే మనవాడు ఎవరి కంటా పడకుండా ఆర్కిటిక్ సర్కిల్ అవతల నొరీల్‌స్క్ వెళ్ళి అక్కడి థియేటర్లో చేరాడు, అంత చలిలోకి, లేబర్ క్యాంపుల ఊళ్ళోకి ఎవరూ వెతుక్కుంటూ రారని. ఇంటిపేరు మార్చుకుంది కూడా అక్కడే. మాస్కో చేరేసరికి ముప్పై దాటింది. అంటే మనం డిస్కుల్లో చూసేదంతా ముప్పై దాటాక మొదలైన కెరీర్ అన్నమాట, అప్పటికే జీవితం ఆయన్ని ఒక రౌండ్ ఉతికేసింది.

మొదటి డిస్కు 'సైనికులు', 1956, లెన్‌ఫిల్మ్. విక్టర్ నెక్రాసొవ్ స్టాలిన్‌గ్రాడ్ నవలలోంచి తీసింది. ఇందులో ఆయన ఫార్బర్ అనే లెఫ్టినెంట్, కళ్ళద్దాలు, పొడుగ్గా సన్నగా, యుద్ధానికి ఏ కోశానా పనికిరాడు అనిపించే మనిషి. ఆ పాత్రలో ఒక్కచోట కూడా వీరత్వం చూపించడు. మెల్లగా మాట్లాడతాడు, మాట మధ్యలో ఆగుతాడు, ఆగినప్పుడు ఎటో చూస్తాడు. ఆ చూపు గురించే ఒక కథ చెబుతారు, లెనిన్‌గ్రాడ్‌లో బొల్షోయ్ డ్రామా థియేటర్ డైరెక్టర్ తొవ్‌స్తొనోగొవ్ దొస్తొయెవ్‌స్కీ 'ఇడియట్' నాటకానికి హీరో, అమాయకుడైన మీష్కిన్ వేషానికి తగ్గ మనిషి దొరక్క తల పట్టుకుంటుంటే ఈ సినిమాలో కళ్ళు గుర్తొచ్చి పిలిపించాడట. 1957 డిసెంబర్ 31న ఆ నాటకం మొదటి షో పడింది. ఆ రాత్రితో నిన్నటిదాకా చిన్నాచితకా వేషాలేసిన మనిషి పేరు దేశమంతా తెలిసిపోయింది. నాటకాన్ని డిస్కులో చూడలేం కదా, అదొక్కటే బాధ.

ఈ డిస్కు ప్రింట్ అంతంతమాత్రం, గీతలున్నాయి, కానీ సౌండ్ ఒరిజినల్ మోనో, ముట్టుకోలేదు. అందుకే నాకిది ఇష్టం. ఎందుకో ఇప్పుడు చెప్తా, ఎందుకంటే నా గొడవంతా దీని గురించే.

స్మొక్తునోవ్‌స్కీ గొంతు మామూలు హీరో గొంతు కాదు. గంభీరంగా ఉండదు, ఖంగుమనదు. కొంచెం పైస్థాయిలో, కాస్త బొంగురుగా, ఒక్కోసారి పిల్లాడి గొంతులా పగిలిపోతూ ఉంటుంది. వాక్యం చివర దిగాల్సిన చోట పైకి లేపుతాడు, ఎక్కాల్సిన చోట గాలిలో వదిలేస్తాడు. రష్యన్ రానివాళ్ళకి కూడా వినగానే ఏదో తేడాగా ఉందే అనిపిస్తుంది. మనిషి లోపల ఇంకేదో ఆలోచిస్తూ పైకి ఇంకేదో మాట్లాడుతున్నట్టు. ఆయన యాక్టింగ్‌లో ముప్పావు భాగం అక్కడే ఉందని నా అభిప్రాయం, మొహం చేతులు మిగతా పావు. అలాంటి యాక్టర్ సెట్టు తీసేటప్పుడు ఎవరైనా ముందు జాగ్రత్తపడాల్సింది సౌండ్ విషయంలో. వీళ్ళు సరిగ్గా అక్కడే వేలు పెట్టారు.

రెండో డిస్కు 'పంపని ఉత్తరం'. కలాతోజొవ్ డైరెక్షన్, కెమెరా ఉరుసెవ్‌స్కీ. సైబీరియా అడవిలో వజ్రాలు వెతకడానికెళ్ళిన నలుగురు భూగర్భ శాస్త్రజ్ఞులు, వజ్రాలు దొరుకుతాయి, వెంటనే అడవి అంటుకుంటుంది. స్మొక్తునోవ్‌స్కీ వాళ్ళ లీడర్ సబీనిన్, భార్యకి ఉత్తరం రాస్తూ ఉంటాడు, పంపే దారి మాత్రం ఉండదు. ఇది కెమెరా సినిమా, యాక్టర్లది రెండో స్థానమే, ఒప్పుకుంటా. మంటల మధ్య ఆ షాట్లు ఎలా తీశారో ఇప్పటికీ అర్థం కాదు. కానీ ఆ ఉత్తరం చదివే గొంతు ఉంది చూడండి, ఆ ఒక్కటే ఈ సినిమాలో నెమ్మదిగా ఉండేది. సెట్టువాళ్ళు ఏం చేశారంటే, మోనో సౌండ్‌ని 5.1కి, అంటే చుట్టూ స్పీకర్లు పెట్టుకుని వినే సౌండ్‌కి, సాగదీసి, మంటల చిటపటలు వెనక స్పీకర్లలోకి నెట్టి, గాలి కొత్తగా కలిపినట్టున్నారు కూడా, దాంతో ఉత్తరం వినబడదు. ఎవరో పక్కగదిలో కూర్చుని చదువుతున్నట్టు ఉంటుంది. డిస్కు పెట్టగానే ఈ ట్రాకే వస్తుంది, మోనో ఉందని తెలియాలంటే మెనూలో రెండు మెట్లు లోపలికి దిగాలి. నేను సినిమా మొత్తం చూసేశాక కనిపెట్టా, ఒళ్ళు మండిపోయి మళ్ళీ మొదట్నుంచీ పెట్టా.

'ఒక ఏడాదిలో తొమ్మిది రోజులు' మూడోది, 1962, మిహాయిల్ రోమ్. అణుశాస్త్రవేత్తల కథ. అలెక్సేయ్ బతాలొవ్ రేడియేషన్ తగిలిన గూసెవ్, మనవాడు అతని స్నేహితుడు కులికొవ్, ఇద్దరికీ మధ్య ఒకే అమ్మాయి. కార్లొవీ వారీ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి కొట్టింది. ఇందులో త్యాగాలు, పట్టుదలలు అన్నీ బతాలొవ్‌కి పోతాయి, స్మొక్తునోవ్‌స్కీకి మిగిలింది వెటకారం. ఆ వెటకారంతోనే సినిమాని నమిలేస్తాడు. రెస్టారెంట్లో కూర్చుని మనిషికి వేల ఏళ్ళలో బుర్ర పెరిగిందా లేదా అని నవ్వుతూ తేలిగ్గా మాట్లాడే సీను ఉంది, ఒక్క మాట గట్టిగా అనడు, కానీ ఆ నవ్వు వెనక ఎంత దిగులుందో గొంతే చెబుతుంది. ఈ డిస్కుకి వంక పెట్టలేను, ప్రింట్ కూడా అద్దంలా ఉంది.

నాలుగోది కొంచెం విచిత్రం. 1962లోనే తీసిన 'మొజార్ట్, సాలియెరి'. సంగీతకారుడు మొజార్ట్‌కి తోటి సంగీతకారుడు సాలియెరి అసూయతో విషం పెట్టే కథ, పుష్కిన్ రాసిన చిన్న నాటకం, రీమ్‌స్కీ కోర్సకొవ్ దాన్ని ఒపెరా చేశాడు, ఆ ఒపెరానే సినిమా. స్మొక్తునోవ్‌స్కీ మొజార్ట్. కానీ పాడేది ఆయన కాదు, లెమెషెవ్ అనే పెద్ద టెనర్. అంటే గొంతే ప్రాణంగా ఉన్న యాక్టర్‌ నోట్లోంచి వేరేవాడి గొంతు వస్తుంది. మొదట చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. తర్వాత గమనిస్తే, గొంతు లేదు కాబట్టి మిగతాదంతా చేతుల్లో పెట్టాడు, వేళ్ళు చూడండి, పియానో దగ్గర కూర్చున్నప్పుడు కాదు, ఊరికే ఉన్నప్పుడు. సినిమాగా అబ్బే అనిపించొచ్చు గానీ, పదకొండో డిస్కు చూశాక మళ్ళీ దీని దగ్గరికే వస్తారు, అది తర్వాత చెప్తా.

ఐదు, ఆరు డిస్కులు 'హామ్లెట్'. రెండు గంటల ఇరవై నిమిషాల సినిమాని రెండు డిస్కుల్లో ఎందుకు పెట్టారో అంటే, తీసింది రెండు భాగాలుగా కాబట్టి. సరే. 1964, షేక్‌స్పియర్ పుట్టి నాలుగొందల ఏళ్ళు. కొజింత్సెవ్ డైరెక్షన్, షోస్తకోవిచ్ మ్యూజిక్, మాటలు బోరిస్ పాస్టర్నాక్ అనువాదం. వెనిస్‌లో జ్యూరీ ప్రత్యేక బహుమతి వచ్చింది, స్మొక్తునోవ్‌స్కీకి బ్రిటిష్ బాఫ్టా నామినేషన్ వచ్చింది. ఇంగ్లిష్‌వాడి నాటకాన్ని రష్యన్‌లో ఆడి ఇంగ్లిష్‌వాళ్ళ చేతే శెభాష్ అనిపించుకున్నాడు, మాటలా.

ఈ హామ్లెట్‌లో కొట్టొచ్చినట్టు కనబడేది కోట. హామ్లెట్ గుర్రం మీద దూసుకుంటూ లోపలికొస్తాడు, వెనక వంతెన పైకి లేస్తుంది, తలుపు మూసుకుపోతుంది, అంతే, ఇక ఆ మనిషి జైల్లో ఉన్నట్టే. హామ్లెట్ ప్రేయసి ఒఫీలియాగా వెర్తిన్‌స్కాయా, అప్పటికి ఇరవై కూడా నిండని పిల్ల, ఆ అమ్మాయికి బట్టల కింద ఇనప చట్రం తొడిగే సీను చూస్తే మనకే ఊపిరాడదు. ఇంత బరువు మధ్య స్మొక్తునోవ్‌స్కీ ఒక్కసారి కూడా అరుపులకి పోడు. 'ఉండాలా పోవాలా' అనే ఆ పెద్ద డైలాగు అసలు పెదవులు కదపకుండానే వస్తుంది, సముద్రం పక్కన రాళ్ళ మధ్య నడుస్తుంటాడు, మాటలు తలలోపల వినబడతాయి. ఇప్పుడు ఊహించుకోండి, ఆ సీనులో 5.1 రీమిక్స్‌వాళ్ళు అలలని తెచ్చి మన చెవుల వెనక కొట్టించారు. ఆయనేమో లోపల గొణుక్కుంటున్నాడు, వెనకేమో తుఫాను. మోనో పెట్టుకుని వినండి, అలలు ఉంటాయి, ఎంతుండాలో అంతే ఉంటాయి.

సబ్‌టైటిల్స్ సంగతి ఇంకా అన్యాయం. పాస్టర్నాక్ అనువాదం గొప్పదనం ఏంటంటే అది ఈకాలపు మనిషి మాట్లాడే రష్యన్, తేటగా, పొట్టిగా ఉంటుంది, నాలాంటి రెండో ఏడాది స్టూడెంట్‌కి కూడా చాలావరకు అర్థమైపోయింది. సెట్టువాళ్ళు దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చే కష్టమెందుకులే అని షేక్‌స్పియర్ ఒరిజినల్ లైన్లు తెచ్చి కింద అతికించేశారు. దాంతో పైన ఒక మనిషి మామూలుగా మాట్లాడుతుంటాడు, కింద నాలుగొందల ఏళ్ళ నాటి గ్రాంథికం పరిగెడుతుంటుంది. పిల్లనగ్రోవి సీను తీసుకోండి. స్నేహితులమని చెప్పుకుంటూ గూఢచారి పని చేసేవాళ్ళిద్దరికి వాయిద్యం ఇచ్చి వాయించమంటాడు, రాదంటారు, దీన్నే వాయించలేనివాళ్ళు నన్ను వాయిద్దామనుకుంటున్నారా అని నిలదీస్తాడు. అక్కడ పాస్టర్నాక్ వాడిన మాట రస్త్రోయిత్, రష్యన్‌లో దానికి మనసు పాడుచేయడం అనీ, వాయిద్యం శ్రుతి చెడగొట్టడం అనీ రెండు అర్థాలు. తెలుగులో అయితే చక్కగా కుదిరేది, నన్ను శ్రుతి తప్పించగలరు గానీ వాయించలేరు అని. ఇంగ్లిష్ ఒరిజినల్‌లో కూడా శ్లేష ఉంది గానీ అది వేరే తీగ వాయిద్యం శ్లేష. స్మొక్తునోవ్‌స్కీ ఆ మాట ఎంత తగ్గించి అంటాడంటే, అవతలివాళ్ళు దెబ్బ తగిలాక గానీ తగిలిందని తెలుసుకోరు. నా మటుకు ఆయన కెరీర్ మొత్తంలో బెస్ట్ రెండు నిమిషాలు ఇవే. షాపులో ఒక్క సీనే చూసి కొనాలో వద్దో తేల్చుకోవాలంటే ఇది పెట్టించుకు చూడండి.

ఏడో డిస్కు 'కారు జాగ్రత్త', 1966, ఎల్దార్ ర్యజానొవ్. మా వాఖ్త్యోర్షా ఆవిడ ఫేవరెట్. ఇన్సూరెన్స్ ఏజెంట్ యూరీ దెతోచ్కిన్ లంచగొండుల వోల్గా కార్లు మాత్రమే దొంగిలిస్తాడు, అమ్మిన డబ్బులు అనాథ పిల్లల ఇళ్ళకి పంపేస్తాడు, దారిఖర్చులకి రసీదులు కూడా దాచుకునేంత నిజాయితీ. ముందు ఈ పాత్ర యూరీ నికూలిన్‌ని మనసులో పెట్టుకుని రాశారట, ఆయన సర్కస్ టూర్ల వల్ల కుదర్లేదు. నికూలిన్ చేసుంటే కడుపుబ్బ నవ్వేవాళ్ళం, సందేహం లేదు. స్మొక్తునోవ్‌స్కీ చేశాడు కాబట్టి నవ్వుతూ నవ్వుతూ ఎక్కడో గుచ్చుకుంటుంది. నిజానికి ఇది మీష్కినే, చేతిలో మారుతాళాలున్న మీష్కిన్.

అసలు మజా ఏంటంటే దెతోచ్కిన్ ఖాళీ టైములో ఔత్సాహిక నాటక సంఘంలో హామ్లెట్ వేస్తాడు. రెండేళ్ళ కిందే హామ్లెట్‌గా ప్రపంచం మెచ్చిన యాక్టర్, ఇప్పుడు హామ్లెట్ వేసే ఇన్సూరెన్స్ ఏజెంట్‌గా వేస్తున్నాడు, అది కూడా ఎక్కడా వెక్కిరించకుండా. అతన్ని పట్టుకోడానికి తిరిగే ఇన్వెస్టిగేటర్ (ఒలేగ్ యెఫ్రేమొవ్) అదే నాటకంలో లేయర్టీస్. దొంగా పోలీసూ స్టేజి మీద కత్తులు దూసుకుంటారు. అందుకే ఈ సెట్టులో డిస్కుల వరస బాగుందంటాను, హామ్లెట్ పక్కనే దీన్ని పెట్టారు, వరసగా రెండ్రోజుల్లో చూస్తే వచ్చే కిక్కు విడివిడిగా చూస్తే రాదు. ఆఖర్న జైలు నుంచి గుండుతో వచ్చి, ట్రాలీబస్సు నడిపే ల్యూబాకి అద్దంలోంచి నేనొచ్చేశా అని చెప్పే చోట మా హాస్టల్ ఆవిడ ప్రతిసారీ ముక్కు చీదుతుంది, నేను పక్కనే కూర్చుని చూశా కాబట్టి చెప్తున్నా.

ఎనిమిదోది 'నేరము శిక్ష', 1970, కులిజానొవ్. మూడున్నర గంటల పైనే. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాల్లో రష్యన్ నవలలు చదివినవాళ్ళు దీన్ని ఆత్రంగా పెడతారు, రస్కోల్నికొవ్ వేసిన తరాతోర్కిన్ కూడా బాగానే చేశాడు, కానీ హత్య కేసు దర్యాప్తు చేసే పొర్ఫీరీగా స్మొక్తునోవ్‌స్కీ వచ్చేదాకా సినిమాకి ప్రాణం ఉండదు. నవలలో పొర్ఫీరీ పొట్టిగా బొద్దుగా ఉంటాడు. ఈయనేమో పొడుగు, సన్నం. అయినా రెండు నిమిషాల్లో నవలని మర్చిపోతాం. నేరస్థుణ్ణి ప్రశ్నలడిగే మనిషి సిగ్గుపడుతున్నట్టు, క్షమించమని అడుగుతున్నట్టు మాట్లాడతాడు. పిల్లి ఎలకతో ఆడుతున్నట్టు కాదు, పిల్లికే ఎలక మీద జాలేస్తున్నట్టు. మిగతా డిస్కులు వద్దు, ఇందులో పొర్ఫీరీ సీన్లు మటుకే చూస్తామన్నా నేను తప్పుబట్టను.

తొమ్మిదో డిస్కు, రష్యన్ సంగీతకారుడి కథ 'చైకోవ్‌స్కీ' మీద నాకు అంత ప్రేమ లేదు. ఆస్కార్‌కి నామినేట్ అయింది, శాన్ సెబాస్టియన్‌లో ఈయనకి బెస్ట్ యాక్టర్ వచ్చింది, హాలీవుడ్ సంగీత దర్శకుడు తియోమ్‌కిన్ పనిచేశాడు, అన్నీ నిజమే. కానీ రెండున్నర గంటలు వెల్వెట్ పరుపు మీద పడుకున్నట్టుంటుంది. మ్యూజిక్ ఎక్కువై, మనిషి మాట తక్కువై, స్మొక్తునోవ్‌స్కీ ఎక్కువసేపు బాధగా కిటికీలోంచి చూస్తాడు. న్యాయంగా చెప్పాలంటే 5.1 రీమిక్స్ పనికొచ్చిన ఒకే ఒక్క డిస్కు ఇదే.

పదోది 'వాన్యా మామయ్య', చేహొవ్ నాటకం, మామయ్య స్మొక్తునోవ్‌స్కీ, డైరెక్షన్ కొంచలోవ్‌స్కీ. ఇంగ్లిష్ సబ్‌టైటిల్లో అంకుల్ అని వస్తుంది, అంకుల్ అంటే ఎవరైనా కావచ్చు, మనకైతే మామయ్య అనగానే తేలిపోతుంది, సోన్యా అనే అమ్మాయికి వాన్యా తల్లి వైపు మనిషి, చనిపోయిన అక్కచెల్లెలి కూతురి ఆస్తికి ఇన్నేళ్ళూ చాకిరీ చేశాడు, బావగారనే ప్రొఫెసర్ వచ్చి అంతా అమ్మేద్దామంటున్నాడు. ఆ ఒక్క వరస తెలిస్తే సగం నాటకం అర్థమైపోతుంది. సినిమా కాసేపు కలర్, కాసేపు బ్లాక్ అండ్ వైట్‌లా మారుతుంటుంది, డిస్కు పాడైందేమో అని నేను తీసి తుడిచి మళ్ళీ పెట్టా, కాదు, సినిమానే అంత. డాక్టర్ ఆస్త్రొవ్‌గా సెర్గేయ్ బొందార్చుక్ కొండలా నిలబడితే, మామయ్య పక్కన ఎండుటాకులా ఎగురుతుంటాడు. తుపాకీ పేల్చి గురి తప్పాక ఆ మొహం చూడాలి. బావని చంపలేకపోయినందుకు కాదు ఆ ఏడుపు, ఇది కూడా చేతకాలేదే అని.

ఇక పదకొండు. 'చిన్న విషాదాలు', 1979, శ్వైట్సర్, టీవీ కోసం మూడు భాగాలు. అన్నీ పుష్కిన్ నాటకాలే. ఇందులో మళ్ళీ మొజార్ట్, సాలియెరి కథ వస్తుంది, ఈసారి మొజార్ట్ జొలొతూహిన్, విషం కలిపే సాలియెరి స్మొక్తునోవ్‌స్కీ! పదిహేడేళ్ళ కింద వేరేవాడి గొంతుతో మొజార్ట్‌గా చచ్చిపోయిన మనిషి, ఇప్పుడు సొంత గొంతుతో మొజార్ట్‌ని చంపుతున్నాడు. భూమ్మీద న్యాయం లేదంటారు, పైన కూడా లేదు అని మొదలెడతాడు సాలియెరి, అది కోపంగా అనడు, ఏళ్ళ తరబడి లెక్కలేసి ఇప్పుడే మొత్తం తేలినట్టు అలసటగా అంటాడు. విన్నంతసేపూ సాలియెరి వైపే ఉండిపోయా, సిగ్గేసింది. ఇదే డిస్కులో ఇంకో నాటకంలో పిసినారి బారన్ కూడా ఆయనే, బంగారం పెట్టెల ముందు ఒక్కడే కూర్చుని మాట్లాడే సీను. నాలుగో డిస్కు, పదకొండో డిస్కు ఒకే పెట్టెలో పెట్టినందుకు సెట్టువాళ్ళకి దణ్ణం పెడతా, సౌండ్ విషయంలో వాళ్ళు చేసిన పాపాల్లో కొన్ని దీనికి చెల్లు.

ఆఖరి డిస్కు తార్కొవ్‌స్కీ 'అద్దం', 1975. పెట్టె మీద స్మొక్తునోవ్‌స్కీ అని ఉంది కదా అని సినిమా అంతా వెతికా, ఎక్కడా కనబడడు. ఎందుకంటే కథ చెప్పే మనిషి గొంతు మాత్రమే ఆయనది. మొహం చూపించరు. మొజార్ట్‌లో గొంతు లేని మనిషి, ఇందులో మనిషి లేని గొంతు. మొదట్లోనే తల్లి ఫోన్ చేస్తుంది, నీ గొంతేంటి అలా ఉంది అని అడుగుతుంది, మూడ్రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదంటాడు. ఇక్కడ సబ్‌టైటిల్ రాసినాయన ఘనకార్యం చూడండి. కారణం అడిగితే కొడుకు 'అంగీనా' అంటాడు. రష్యన్‌లో అంగీనా అంటే టాన్సిల్స్ వాచి గొంతునొప్పి. సబ్‌టైటిల్‌లో దాన్ని యథాతథంగా ఆంజైనా అని పడేశారు, అంటే గుండెనొప్పి! మెడిసిన్ మొదటి ఏడాదిలో మమ్మల్ని ప్రతి విదేశీ స్టూడెంట్‌నీ ఇదే మాట బోల్తా కొట్టించింది, పేషంట్ అంగీనా అంటే మేం ఈసీజీ అనేవాళ్ళం. గొంతు గురించి అడిగిన తల్లికి కొడుకు గుండెజబ్బని చెబితే, ఫోన్ పెట్టేసేంత తాపీగా ఏ తల్లైనా ఉంటుందా, రాసేవాడికి ఆమాత్రం అనుమానం రావద్దా? ఇంకోటి, ఈ సినిమాలో కవితలు చదివే గొంతు వేరు, అది తార్కొవ్‌స్కీ కన్నతండ్రి అర్సేనీ సొంత గొంతు. కొడుకు తరఫున స్మొక్తునోవ్‌స్కీ, తండ్రి తరఫున తండ్రే. సబ్‌టైటిల్స్ రెండింటినీ ఒకే రంగులో ఒకే అక్షరాల్లో వేశారు, ఎవరు మాట్లాడుతున్నారో చెవితో పట్టుకోవాల్సిందే. అదృష్టం కొద్దీ దీనికి రీమిక్స్ ట్రాక్ లేదు.

లేనివి కూడా చెప్పాలి. 'మాస్కో కాసియోపియా' లేదు, పిల్లల అంతరిక్ష సినిమా, అందులో ఐ.ఓ.ఓ. అనే వింత అధికారిగా ఎక్కడపడితే అక్కడ ప్రత్యక్షమవుతాడు, రష్యాలో ఒక తరం పిల్లలకి ఆయన హామ్లెట్ కాదు, ఇదే. 1990 నాటి 'ఆడవాళ్ళ దర్జీ' లేదు, 1941లో నాజీలు వేలమంది యూదుల్ని చంపిన బాబీ యార్ ఘటనకి ముందురాత్రి కీవ్‌లో ఒక యూదు కుటుంబం కథ, ముసలి దర్జీ ఈయన. 1943లో అదే కీవ్ దగ్గర పట్టుబడ్డ మనిషి చివరి రోజుల్లో మళ్ళీ ఆ ఊరికి వెళ్ళినట్టు ఉంటుంది నాకు. ఆ తర్వాత నాలుగేళ్ళకే, 1994 ఆగస్టులో పోయాడు. 'చైకోవ్‌స్కీ' తీసేసి ఇది పెట్టుంటే సెట్టు ఎక్కడికో వెళ్ళేది. స్టూడియోలు వేరువేరు కాబట్టి హక్కుల గొడవ ఏదో ఉండి ఉంటుందనుకోండి, మోస్‌ఫిల్మ్ ఒకటి, లెన్‌ఫిల్మ్ ఒకటి, గోర్కీ స్టూడియో ఒకటి, అందరివీ కలిపి పన్నెండు తేవడమే ఎక్కువేమో.

5కి 3 ఇస్తున్నా. సౌండ్‌కి ఒకటి, సబ్‌టైటిల్స్‌కి ఒకటి కోత. రెండో డిస్కుకీ, ఐదు ఆరు డిస్కులకీ మోనో మార్చుకోవడం మర్చిపోవద్దు, ప్రతిసారీ మార్చాలి, ప్లేయర్ గుర్తుపెట్టుకోదు.

ఇప్పుడు నా దగ్గర పదకొండు డిస్కులే ఉన్నాయి. హాస్టల్ ఖాళీ చేసేముందు ఏడోది మా వాఖ్త్యోర్షా ఆవిడ ఒక్కసారి చూసిస్తా అని తీసుకుంది. అడగబోతే, దెతోచ్కిన్ సినిమా తీసుకున్నవాళ్ళని దొంగ అనకూడదు సినోక్ అని గేటు వేసేసింది.